డబ్బాలో 18 వేలు పెట్టుకుని రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన అమ్మ: ఇది తెలివితక్కువా, తెలివా?

పర్లాకిమిడి పెద్దోడు | రాత్రి 9:12

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నకి బజారులో చిన్న కిరాణా కొట్టు. నేను భువనేశ్వర్‌లో ఎం.ఏ. ఎకనమిక్స్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో బిహేవియరల్ ఎకనమిక్స్ అని ఒక పేపరుంది. మనుషులు రోజువారీ నిర్ణయాలు ఎలా తీసుకుంటారు, ఎక్కడ లెక్క తప్పుతారు అన్నదే అందులో విషయం.

సెలవులకి ఇంటికొచ్చి బీరువా సర్దుతుంటే కింది అరలో మూడు హార్లిక్స్ డబ్బాలు దొరికాయి. మూతల మీద సుద్దముక్కతో అమ్మ రాత: ఒకదాని మీద "ఫీజు", ఒకదాని మీద "చెల్లి", మూడోదాని మీద "రథయాత్ర". మొదటి రెండూ తెలుగులో ఉన్నాయి, మూడోది ఒడియాలో. అమ్మ ఒడియా బడిలో చదువుకుంది, తెలుగు రాయడం పెళ్ళయ్యాక నాన్న నేర్పారు. హడావుడిలో ఏ అక్షరం ముందు చేతికొస్తే అది రాసేస్తుంది.

"చెల్లి" డబ్బాలో 18,400 ఉన్నాయి. సరిగ్గా అదే వారం కొట్లో సరుకు కోసం పక్కింటి పిన్ని దగ్గర 20,000 అప్పు తెచ్చింది. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకి 400. "అమ్మా, డబ్బాలో డబ్బుందిగా, అది తీస్తే అప్పు ఒక్క 1,600తో పోయేది కదా" అన్నాను. "అది చెల్లి డబ్బురా" అంది, అదేదో ఊళ్ళోవాళ్ళ సొమ్మైనట్టు.

రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త 1985లో దీనికే మెంటల్ అకౌంటింగ్ అని పేరు పెట్టి రాశాడు. రూపాయికి రంగు ఉండదు, ఏ డబ్బాలో ఉన్నా రూపాయి రూపాయే. కానీ మనిషి మనసులో ఖాతాలు గీసుకుని ఒకదాన్ని ఇంకోదానితో కలవనివ్వడు. పరీక్షలో రాయాల్సొస్తే మా అమ్మది పొరపాటని రాసేస్తాను. ఇంట్లో కూర్చుని చూస్తే మాత్రం అలా అనిపించట్లేదు. మీ ఇళ్ళల్లో ఏం చేస్తారు?

మహేంద్రతనయ ఒడ్డు | రాత్రి 9:40

అమ్మ సంగతి తర్వాత, ముందు మా బామ్మర్ది సంగతి విను. వాళ్ళది ఆంధ్రాలో పాతపట్నం అవతల పల్లె. ఒడిశాలో పెట్రోలు లీటరుకి ఏడెనిమిది రూపాయలు తక్కువని బండేసుకుని మన వైపు వచ్చి కొట్టించుకుంటాడు. ట్యాంకు నింపితే మిగిలేది యాభై అరవై. రావడానికీ పోవడానికీ అయ్యే పెట్రోలు ఎవడు లెక్కేస్తాడు? పైగా వచ్చినప్పుడల్లా మా వీధి చివర రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక టీ. అదే మనిషి పోయిన ఏడాది కొత్త బండి కొన్నప్పుడు "ఓ వెయ్యి తగ్గించండి" అని ఒక్క మాట అడగలేదు. అడగరా అంటే "లక్ష రూపాయల దగ్గర వెయ్యికి కక్కుర్తేంటి బావా" అన్నాడు!

గుణుపురం లెక్కల మాస్టారు | రాత్రి 10:05

మీ బామ్మర్ది ఒక్కడే కాదు నాయనా, మనమందరం అంతే. ట్వెర్స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లో సైన్స్ పత్రికలో వేసిన లెక్క ఇదే. ఒక 15 డాలర్ల కాలిక్యులేటర్, 125 డాలర్ల కోటు కొనడానికి వెళ్ళారు. కాలిక్యులేటర్ ఇంకో కొట్లో 5 డాలర్లు తక్కువకి దొరుకుతుంది, ఇరవై నిమిషాల ప్రయాణం. వెళ్తారా? నూటికి 68 మంది వెళ్తామన్నారు. ధరలు తిరగేసి, ఆ 5 డాలర్ల తగ్గింపు 125 డాలర్ల వస్తువు మీద వస్తుందని వేరేవాళ్ళని అడిగితే వెళ్తామన్నది 29 మందే. మిగిలేది రెండు చోట్లా అదే 5 డాలర్లు, నడిచేది అదే దూరం.

నేనూ ఇంట్లో ప్రయోగం చేశాను. మా ఆవిడని అడిగాను, 200 రూపాయల జాకెట్టు ముక్క మీద 100 తగ్గుతుందంటే పై బజారుకి వెళ్తావా అని. "ఎందుకెళ్ళను" అంది. 8,000 పట్టుచీర మీద 100 తగ్గుతుందంటే? "ఆ వందకి కాళ్ళీడ్చుకుంటూ ఎవరెళ్తారు" అంది. రెండూ అదే వంద కదా అన్నాను. "మీరు ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పారు గానీ ఒక్క చీరైనా కొన్నారా" అని అడిగింది. నా ప్రయోగం అక్కడితో ముగిసింది.

ఆ కాలిక్యులేటర్ లెక్క వేసిన ఇద్దరిలో ట్వెర్స్కీ 1996లోనే పోయాడు. నోబెల్ 2002లో కానెమన్‌కి వచ్చింది.

బరంపురం పట్టు | రాత్రి 10:31

మాస్టారూ, మీ ఆవిడగారిదే రైటు. చీరల కొట్లో కూర్చునేవాణ్ణి, నా మాట వినండి. 8,000 చీర దగ్గర వంద తగ్గిస్తే ఎవరూ గుర్తుంచుకోరు. అందుకే మేం వంద తగ్గించం, జాకెట్టు ముక్క ఉచితం అంటాం. అది ఊరంతా చెప్పుకుంటారు.

ఇంకోటి. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళు ముప్ఫై చీరలు గుట్టగా పోసేస్తారు. కొనడానికొచ్చిన అమ్మాయి ముప్ఫై చూసి, "మళ్ళీ వస్తాం" అని లేచిపోతుంది. మా నాన్న అలా కాదు. చూసిన చీర నచ్చలేదంటే వెంటనే మడిచి వెనక్కి పెట్టేసేవారు. పరుపు మీద ఎప్పుడూ మూడే ఉండాలి. కుంభం అంచుది ఒకటి, పిల్ల కోరినట్టు సాదాది ఒకటి, తల్లి కోరినది ఒకటి. ఆ మూడింట్లోనే తేలాలి.

సందేహాల రాయుడు | రాత్రి 10:58

పట్టు గారూ, మీరు చెప్పినదానికి అమెరికాలో జామ్ ప్రయోగం అని పేరు. అయ్యెంగార్, లెప్పర్ 2000లో రాశారు. సూపర్ మార్కెట్‌లో 24 రకాల జామ్ పెడితే ఆగి చూసినవాళ్ళలో 3 శాతమే కొన్నారు, 6 రకాలు పెడితే 30 శాతం కొన్నారు. ఉపన్యాసాల్లో అందరూ చెప్పేది ఇంతవరకే. తర్వాత ఇలాంటి ప్రయోగాలు చాలా జరిగాయి. వాటన్నిటినీ కలిపి 2010లో లెక్కేస్తే సగటు ప్రభావం దాదాపు సున్నా. కొన్ని చోట్ల పనిచేస్తుంది, కొన్ని చోట్ల తిరగబడుతుంది. మీ నాన్నగారికి ఏ బేరానికి ఏది పనిచేస్తుందో తెలుసు. జామ్ ప్రయోగం జరిగింది ఒక్క కొట్లో.

పెద్దోడూ, నీ పేపరులో ఉన్నదంతా వేదవాక్కు అనుకోకు. ఫారం పైభాగంలో సంతకం పెట్టిస్తే జనం నిజాయితీగా నింపుతారని 2012లో ఒక పెద్ద పత్రికలో వచ్చింది. డేటానే నమ్మేలా లేదని 2021లో ఆ పేపరు వెనక్కి తీసేసుకున్నారు. న్యూయార్క్ టాక్సీవాళ్ళ కథా అంతే. బేరాలు బాగున్న రోజున "ఇవాళ్టి టార్గెట్ అయిపోయింది" అని తొందరగా ఇంటికెళ్ళిపోతారని 1997లో కామెరర్ బృందం రాసింది. 2015లో ఫార్బర్ చాలా పెద్ద డేటా తీసుకుని చూస్తే ఎక్కువమంది బేరాలున్నప్పుడే ఎక్కువ తోలుతున్నారు. ఆ మాట ఎవరైనా రాయగడ స్టేషన్ దగ్గర ఆటోవాళ్ళని అడిగినా చెప్పేవారు.

కుర్రకుంక_07 | రాత్రి 11:02

ఇవాళ పర్లాకిమిడిలో పెట్రోలు ఎంత బ్రో?

అడ్మిన్ | రాత్రి 11:06

తమ్ముడూ, ఇది ఆ చర్చ కాదు. "ధరలు, బస్సు టైములు" విభాగం కింద ఉంది చూడు.

రాయగడ అక్క | ఉదయం 6:20

టీ పెట్టుకుని అంతా చదివాను. అమ్మ డబ్బా గురించి అడిగితే పెట్రోలు, చీరలు, జాములు అన్నీ వచ్చాయి, డబ్బా మాత్రం మూత తెరవలేదు ఎవరూ.

పెద్దోడూ, మీ అమ్మ ఆ 18 వేలు తీసి సరుకు కొందనుకో. నెలకి 400 మిగిలింది, సరే. ఆ 18 వేలు మళ్ళీ డబ్బాలోకి ఎప్పుడొస్తాయి? కొట్లో డబ్బు కొట్లోనే తిరుగుతుంది, ఇంట్లోకి రాదు. మీ చెల్లి పెళ్ళిమాట వచ్చేసరికి మూత మీద పేరొక్కటే మిగులుతుంది. పిన్ని దగ్గర తెస్తే ఆవిడ ఒకటో తారీఖున గుమ్మంలో నిలబడుతుంది. డబ్బా నిలబడదు. ఆ 400 వడ్డీ అనుకోకు, తాళం ఖరీదు అనుకో.

నేను చీటీ కడుతున్నాను. ఇరవైమందిమి, నెలకి 5,000. మా అబ్బాయి, నీలాగే చదువుకున్నవాడు, బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేసుకోమ్మా, వడ్డీ వస్తుంది, పాటలో తోసుకుపోయేది ఉండదు అంటాడు. నిజమే. కానీ రికరింగ్ డిపాజిట్‌కి ఒక నెల ఎగ్గొడితే ఫోనుకి ఒక మెసేజ్ వస్తుంది. చీటీ ఎగ్గొడితే పంతొమ్మిది మంది ముఖాలు చూడాలి. పదమూడేళ్ళలో ఒక్క నెలా ఎగ్గొట్టలేదు నేను.

మా అబ్బాయే చెప్పాడు, ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు ఇలాంటి ఖాతా పెట్టిందట. 2006లో అష్రఫ్, కార్లన్, యిన్ అనేవాళ్ళు రాశారు. తేదీయో మొత్తమో మనమే చెప్పుకోవాలి, అప్పటిదాకా మన డబ్బు మనకే ఇవ్వరు. ఎక్కువ వడ్డీ కూడా లేదు. అయినా అడిగినవాళ్ళలో 28 శాతం ఒప్పుకున్నారు. ఆ ఖాతా చూపించనివాళ్ళతో పోలిస్తే చూపించినవాళ్ళ నిల్వ ఏడాదిలో 81 శాతం పెరిగిందట. కావాలన్నవాళ్ళకి ఇంటికి ఒక తాళం పెట్టె కూడా ఇచ్చారు, తాళంచెవి బ్యాంకు దగ్గరే ఉంటుంది! మీ అమ్మకి అలాంటి బ్యాంకు లేదు. హార్లిక్స్ డబ్బా, చెల్లి పేరు ఉన్నాయి.

గుణుపురం లెక్కల మాస్టారు | ఉదయం 7:15

అమ్మా, ఆ పేరు చిన్న విషయం కాదు. సోమన్, చీమా అనే ఇద్దరు మన దేశంలోనే కూలిపని చేసేవాళ్ళతో చేశారు, 2011లో అచ్చయింది. దాచుకునే డబ్బు కవర్లో పెట్టి అంటించి ఇచ్చారు. కొన్ని కవర్ల మీద వాళ్ళ పిల్లల ఫోటో. ఫోటో ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ డబ్బు మిగిలింది. పిల్ల ముఖం చూస్తూ కవరు చింపడానికి చెయ్యి రాదు కదా.

లారీ గారబ్బాయి (జయపురం) | ఉదయం 8:44

అందరూ పెద్దవాళ్ళు చేసిందంతా తెలివే అన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది, క్షమించండి.

మా నాన్నకి ఒక పాత లారీ ఉండేది. ఇంజన్ రెండుసార్లు బోరు చేయించారు. మూడోసారి మెకానిక్కే చెప్పాడు, అమ్మేయండి బాబూ, ఇనుముకైనా మంచి రేటొస్తుంది అని. "ఇప్పటికే ఇంత పెట్టాను, ఇప్పుడు అమ్మితే అదంతా బూడిదలో పోసినట్టే" అన్నారు. ఆ "ఇంత పెట్టాను" అన్న మాట మీద గేర్‌బాక్స్, తర్వాత టైర్లు, తర్వాత అమ్మ గాజులు. చివరికి ఇనుముకే పోయింది, మెకానిక్ మొదట చెప్పిన రేటులో సగానికి.

మునిగిన ఖర్చు, సంక్ కాస్ట్ అంటారు దీన్ని. ఆర్క్స్, బ్లూమర్ 1985లో ఒహాయోలో నాటకాల సీజన్ టికెట్లు కొన్నవాళ్ళలో కొందరికి లాటరీలాగా తగ్గింపు ఇచ్చారు. మొదటి సగం సీజన్‌లో పూర్తి ధర కట్టినవాళ్ళే ఎక్కువ నాటకాలకి వెళ్ళారు. అందరూ చూసేది అవే నాటకాలు. పోసిన డబ్బు వాళ్ళని కుర్చీలోకి లాగింది. మా నాన్నని షెడ్డుకి లాగింది. దీంట్లో తెలివి ఎక్కడుందో రాయగడ అక్క చెప్పాలి.

రాయగడ అక్క | ఉదయం 9:10

లేదు బాబూ. దాంట్లో లేదు. మీ అమ్మగారి గాజులు తిరిగొచ్చాయా?

లారీ గారబ్బాయి | ఉదయం 9:13

నేను ఉద్యోగంలో చేరాక కొత్తవి చేయించాను. పాతవి రాలేదు.

సిరొంచ పత్తిచేను | మధ్యాహ్నం 1:30

మీరంతా ఒడిశా వైపువాళ్ళు, నాది మహారాష్ట్ర అంచు, గోదావరి ఇవతల. మాకు డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే చేతికొస్తుంది. పత్తి తూకం వేసిన రోజు నేను రాజును. జూన్‌లో ఎరువు బస్తా కొనేటప్పుడు నా జేబులో బస్సు టికెట్ ముక్కలే. "ముందే కొని పెట్టుకోవచ్చుగా" అని వ్యవసాయ శాఖవాళ్ళు ఏటా చెప్తారు. ఏటా తలూపుతాం.

కెన్యాలో డూఫ్లో, క్రెమర్, రాబిన్సన్ పట్టుకున్నది సరిగ్గా ఇదే (2011). పంట డబ్బు చేతిలో ఉండగానే రైతు దగ్గరికి వెళ్ళి, ఇప్పుడే డబ్బు కడితే ఎరువు తర్వాత ఉచితంగా ఇంటికి తెచ్చిస్తాం అన్నారు, కొద్దిరోజులే గడువు. ఎరువు వాడినవాళ్ళు బాగా పెరిగారు. అదే పెరుగుదల సీజన్ మధ్యలో రావాలంటే చాలా పెద్ద సబ్సిడీ ఇవ్వాల్సి వచ్చేది. రైతుకి ఎరువు విలువ తెలియక కాదు. పెళ్ళిళ్ళూ, బాకీలూ, దుకాణాలూ ముందు వస్తాయి, ఎరువు ఆఖర్న వస్తుంది.

ఇంకోటి, తమిళనాడు చెరకు రైతులు 464 మందికి కోతకి ముందూ తర్వాతా బుర్రకి పెట్టే పరీక్షలు పెట్టారు, 2013లో వచ్చింది. అదే మనిషి కోతకి ముందు తక్కువ తెచ్చుకున్నాడు. నాకు ఆశ్చర్యం ఏం లేదు. మే నెలలో మా ఆవిడ ఏదైనా అడిగితే నేను రెండుసార్లు చెప్పించుకుంటాను.

సందేహాల రాయుడు | మధ్యాహ్నం 2:05

అన్నా, అదీ తేలలేదు. అమెరికాలో జీతం రోజుకి ముందూ తర్వాతా ఇలాగే పరీక్ష పెడితే (2016లో వచ్చింది) బుర్ర పనితీరులో తేడా కనపడలేదు. అయితే వాళ్ళది జీతం, మీది ఏడాది పంట. రెండూ ఒకటి కాదని ఒప్పుకుంటాను.

గుణుపురం లెక్కల మాస్టారు | సాయంత్రం 5:48

అచ్చుకి పాతదే గానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటుంది. బిన్‌స్వాంగర్, 1980. ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ వాళ్ళు పరిశీలిస్తున్న పల్లెల్లో చేశాడు. మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా, మన తెలుగునాట మహబూబ్‌నగర్. రైతుల ముందు ఎనిమిది పందేలు పెట్టాడు, బొమ్మా బొరుసూ. మొదటిది ఏది పడ్డా 50 రూపాయలు. చివరిది పడితే 200, పడకపోతే సున్నా. మధ్యలోవాటిలో గెలిస్తే వచ్చేది పెరిగేకొద్దీ ఓడితే వచ్చేది తగ్గిపోయేది. ఊరికే అడగడం కాదు, నిజంగా డబ్బు చేతిలో పెట్టాడు. పెద్ద పందెంలో వచ్చేది కూలివాడి నెల సంపాదన కంటే ఎక్కువ.

చిన్న పందేల్లో మనిషికో తీరు. పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ మధ్యకి వచ్చేశారు, మరీ పిరికితనం లేదు, మరీ తెగింపూ లేదు. కాస్త ఉన్నవాడికీ లేనివాడికీ పెద్ద తేడా కనపడలేదు. అంటే పేదరైతు కొత్త విత్తనం వేయకపోతే అది పుట్టుభయం కాదు, అప్పు పుట్టకపోవడం, పోతే ఆదుకునేవాడు లేకపోవడం. ఇంతకాలం "మా పల్లెటూరి వాళ్ళకి ధైర్యం లేదు" అని సభల్లో మాట్లాడినవాళ్ళంతా ఇది చదవాలి.

రాయగడ అక్క | సాయంత్రం 6:30

మా మహిళా సంఘంలో మీటింగుకి ఆలస్యంగా వచ్చేవాళ్ళకి పది రూపాయల జరిమానా పెట్టాం. మర్నెల నుంచి ఇంకా ఎక్కువమంది ఆలస్యం. ఒకావిడ గుమ్మంలోనే పది చేతిలో పెట్టి "కట్టేశాను కదా" అని కూర్చుంటుంది. ఇంతకుముందు తలదించుకుని లోపలికి వచ్చేది!

పర్లాకిమిడి పెద్దోడు | సాయంత్రం 6:52

అక్కా, ఇది అచ్చంగా ఇజ్రాయెల్‌లో హైఫా నగరం డే కేర్ సెంటర్ల కథ! 2000లో గ్నీజీ, రుస్తికీని రాశారు. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకి 10 షెకెళ్ళ జరిమానా పెడితే ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. తర్వాత జరిమానా తీసేసినా తగ్గలేదు.

మహేంద్రతనయ ఒడ్డు | రాత్రి 8:15

నేనొక తప్పు ఒప్పుకోవాలి. ఇవాళ బామ్మర్ది వచ్చాడు. ఈ చర్చంతా చదివి వినిపించాను, నవ్వుకుందామని. వాడు నవ్వలేదు. "బావా, నేను వారానికి రెండుసార్లు వంకాయలు, బెండకాయలు మన పర్లాకిమిడి మార్కెట్‌కి తెస్తున్నాగా. ఖాళీ బుట్టలతో తిరిగెళ్ళేటప్పుడు పెట్రోలు కొట్టిస్తాను. ప్రత్యేకం ఎప్పుడొచ్చాను?" అన్నాడు. ఇడ్లీకి మా వీధి చివరికే ఎందుకొస్తాడో కూడా చెప్పాడు, నేను కనిపిస్తానని. మూడేళ్ళుగా నేను బుట్టలు చూడలేదు, ట్యాంకే చూశాను.

కొత్త బండి దగ్గర వెయ్యి అడగకపోవడం మాత్రం తప్పే అన్నాడు.

పర్లాకిమిడి పెద్దోడు | రాత్రి 9:55

నేనూ అమ్మతో కూర్చున్నాను. రాయగడ అక్క మాట పట్టుకుని ఒక ఉపాయం చెప్పాను: "డబ్బాలోంచి తియ్యి, పిన్నికి కట్టే 400 ప్రతినెలా డబ్బాకే కట్టు. చెల్లికీ లాభం, మనకీ లాభం." పేపరు మీద ఇంతకంటే మంచి పరిష్కారం లేదు.

అమ్మ గట్టిగా నవ్వింది. "బాకీదారునీ నేనే, షావుకారునీ నేనే అయితే వసూలుకి ఎవరొస్తార్రా?" అంది.

తర్వాత "ఫీజు" డబ్బా తెచ్చి మూత తీసింది. నోట్ల కింద కొట్టు బిల్లు చింపిన ముక్క ఒకటుంది. దాని మీద "3000 బాకీ" అని రాసుంది. రెండేళ్ళ కిందట నాన్నకి టైఫాయిడ్ వచ్చినప్పుడు తీసిందట. అప్పుడు నా సెమిస్టర్ ఫీజుకి పిన్ని దగ్గరే తెచ్చారు, ఆ అప్పు ఆరు నెలల్లో తీరిపోయింది. డబ్బా బాకీ మాత్రం అలాగే ఉంది.

లారీ గారబ్బాయి | రాత్రి 10:08

ఆ కాగితం ముక్క ఫోటో పెట్టు తమ్ముడూ.

పర్లాకిమిడి పెద్దోడు | రాత్రి 10:20

అమ్మ వద్దంది. నా జేబు ఖర్చులోంచి 500 తీసి ఆ డబ్బాలో వేశాను. అమ్మ పెన్ను అడిగి తీసుకుని 3000 కొట్టేసి పక్కన 2500 రాసింది, ఒడియా అంకెల్లో.